బరువు తగ్గుతున్నవారు అరిసెలు తినవచ్చా?

వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నాకు 38 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఐదు నెలల్లో 78 కిలోల నుంచి 71.5 కిలోలకు తగ్గాను. షుగరు, బీపీ లేవు. కనుమ నాడు అమ్మ పంపిన అరిసెలు ఐదు తిన్నాను. ఆ బాధతో ముక్కనుమ పగలంతా మజ్జిగతోనే గడిపాను. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో నిలబడి ఏడు అరిసెలు, మూడు సున్నుండలు, రెండు గుప్పిళ్ల జంతికలు తినేశాను. పొద్దున్నే కాటా 73.6 చూపించింది. ఇక ఎలాగూ పోయిందని పది రోజులు నడక మానేసి తోచినట్టు తిన్నాను. రోజూ మూడు టీలు తప్ప నాకు వేరే అలవాట్లు లేవు, టీకి రెండు చెంచాల చక్కెర, రెండు బిస్కెట్లు, అంతే. వద్దంటే అత్తగారు నొచ్చుకుంటారు. వచ్చే నెలలో ఆడపడుచు కూతురి పెళ్లి ఉంది. డబ్బాలో ఇంకా 11 అరిసెలున్నాయి. తీపి పూర్తిగా మానేయడమే నయమా?"

మానేయనవసరం లేదు. 22 ఏళ్లుగా పోషకాహార సలహాలు ఇస్తున్న అనుభవంతో ఈ మాట చెబుతున్నాను. అయితే నా అనుభవాన్ని నమ్మి ఒప్పుకోవలసిన పని కూడా లేదు, ఎందుకంటే మీరు రాసిన వివరాల్లోనే దీనికి కావలసిన లెక్కంతా ఉంది. ముందు ఆ లెక్క చూద్దాం.

అరిసె బరువు ఇంటింటికీ మారుతుంది. మీ ప్రశ్న చదివాక మా ఇంట్లో మిగిలి ఉన్న అరిసెలను వంటింటి కాటా మీద ఒక్కొక్కటిగా పెట్టి చూశాను. 42 గ్రాముల నుంచి 48 గ్రాముల వరకు తూగాయి. అలాంటి ఒక అరిసెలో బియ్యప్పిండి దాదాపు 20 గ్రాములు, బెల్లం 14 గ్రాములు, పీల్చుకున్న నూనె లేదా నెయ్యి ఏడెనిమిది గ్రాములు ఉంటాయనుకుందాం, మిగిలింది తేమ, నువ్వులు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పదార్థాల పట్టికల ప్రకారం లెక్క కడితే పిండికి 70, బెల్లానికి 50, నూనెకు 70, వెరసి సుమారు 190 కెలోరీలు వస్తాయి. నూనెలోంచి తీసిన అరిసెను చెక్కల మధ్య పెట్టి గట్టిగా ఒత్తే ఇళ్లలో ఇది కొంచెం తగ్గుతుంది, పండగ హడావిడిలో రెండు గరిటెల మధ్య అలా నొక్కి పక్కన పడేసే ఇళ్లలో పెరుగుతుంది. మీ ఐదు అరిసెలకు 950 కెలోరీలు అనుకోండి.

ఇప్పుడు రెండో వైపు చూడండి. మీరు 150 రోజుల్లో 6.5 కిలోలు తగ్గారు. ఒక కిలో కొవ్వు కరగాలంటే మొత్తం మీద సుమారు 7,700 కెలోరీల లోటు ఏర్పడాలి కాబట్టి, ఇన్నాళ్లూ మీరు సగటున రోజుకు 330 కెలోరీల లోటుతో నడిచారన్నమాట. అంటే కనుమ నాటి ఐదు అరిసెలు మామూలు భోజనానికి అదనంగా పడ్డాయని అనుకున్నా, వాటివల్ల మీరు వెనక్కి వెళ్లింది మూడు రోజులు. నూట యాభై రోజుల ప్రయాణంలో మూడు రోజులు. మర్నాడు పొద్దున్న ఎప్పటిలాగే రెండు ఇడ్లీలు తిని, సాయంత్రం ఎప్పటిలాగే నడిచి ఉంటే ఈ కథ అక్కడితో ముగిసేది, మీరు ఈ ప్రశ్న రాయవలసిన అవసరమే పడేది కాదు.

ముక్కనుమ రాత్రి తిన్న ఏడు అరిసెలు, మూడు సున్నుండలు, జంతికలు కలిపితే 2,000 కెలోరీలు దాటుతాయి. పగలంతా పస్తు ఉండి మిగిల్చింది సుమారు 1,400. కాబట్టి ఆ పస్తువల్ల మీకు కలిసివచ్చింది ఏమీ లేదు సరికదా, మరో రెండు రోజుల వెనకడుగు పడింది. ఆ తర్వాతి పది రోజుల్లో లోటు అసలే ఏర్పడలేదు. అరిసెలు మీ దగ్గర తీసుకున్నది మూడు రోజులైతే, వాటిని తిన్నందుకు పడిన బాధ తీసుకున్నది పన్నెండు రోజులు. నా దగ్గరకు పండగల తర్వాత వచ్చేవారిలో చాలామంది లెక్క ఇలాగే తేలుతుంది, అంకెలు మాత్రం అటూ ఇటూగా ఉంటాయి.

కాటా చూపించిన 73.6 గురించి ఒక్క మాట. రెండు రోజుల్లో రెండు కిలోలకు పైగా కొవ్వు చేరాలంటే మామూలు తిండి కాక 16,000 కెలోరీల పైచిలుకు తినాలి, అంటే ఎనభై నాలుగు అరిసెలు. మీరు తినలేదు. పిండి పదార్థాలు, చక్కెర ఎక్కువగా తిన్నప్పుడు శరీరం వాటిలో కొంత భాగాన్ని కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. దానికి జంతికల్లోని ఉప్పు తోడవుతుంది, కడుపులో ఇంకా అరగని తిండి బరువు ఉండనే ఉంటుంది. ఇందులో అధిక భాగం మామూలు తిండికి తిరిగి వచ్చిన నాలుగైదు రోజుల్లో దిగిపోతుంది. పండగ మర్నాడు కాటా ఎక్కవద్దని నేను అందరికీ చెబుతాను, ఎవరూ వినరు.

ఇంత చిన్న లెక్క తెలిసిన మనుషులు కూడా ఎందుకిలా చేస్తారంటే, మనం బరువు తగ్గడాన్ని పథ్యంలా భావిస్తాం. నాటు మందు వాడినప్పుడు వంకాయ తింటే మందు విరిగిపోతుందని పెద్దలు చెప్పేవారు. మాల వేసుకున్నవారు నియమం తప్పితే దీక్ష భంగమైందని బాధపడతారు. ఒక్క తప్పుతో మొత్తం చెడిపోయే ఈ ఊహ మనకు చిన్ననాటి నుంచీ తెలిసిందే కాబట్టి, డైటును కూడా తెలియకుండానే అందులో వేసేస్తాం. దీక్ష ఎలాగూ చెడింది కాబట్టి ఇక ఎన్ని తింటే ఏమిటి అన్న ఆలోచన దాని వెనకే వస్తుంది. శరీరం మాత్రం దీన్ని కిరాణా కొట్టు పద్దులా చూస్తుంది, నిన్నటి పద్దు ఎక్కువైతే ఆ ఎక్కువ మేరకే రాసుకుంటుంది, పుస్తకం చింపి పారేయదు.

ఈ ప్రవర్తన మన ఒక్కరిదే కాదు. 1975లో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ అనే పరిశోధకులు అమెరికాలో ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరికి ముందుగా మిల్క్‌షేక్ తాగించి, ఆ తర్వాత రుచి చూడమన్న నెపంతో ఐస్‌క్రీములు ముందు పెట్టారు. తిండి విషయంలో పట్టింపు లేనివారు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తగ్గించి తిన్నారు. ఎప్పుడూ నోరు కట్టుకుని ఉండేవారు మాత్రం, మిల్క్‌షేక్ తాగనప్పటి కంటే తాగిన తర్వాతే ఐస్‌క్రీమ్ ఎక్కువ తిన్నారు. కట్టడి ఒకసారి తెగాక ఆపుకోవలసిన కారణం వారికి కనిపించలేదు. మీ వంటింట్లో ముక్కనుమ రాత్రి జరిగింది అచ్చంగా ఇదే. న్యూజిలాండ్‌లో జరిగి 2014లో ప్రచురితమైన మరో అధ్యయనంలో, చాక్లెట్ కేకు అనగానే మీ మనసులో మెదిలేది తప్పు చేసిన భావమా, వేడుకా అని అడిగారు. తప్పు చేసిన భావం అన్నవారు మిగిలినవారి కంటే మంచి తిండి అలవాట్లతో ఏమీ లేరు, బరువు తగ్గాలనుకున్న వారిలో కూడా అలా చెప్పినవారే తక్కువ ఫలితం సాధించారు. పశ్చాత్తాపం మనిషిని అదుపులో ఉంచుతుందన్న నమ్మకానికి ఆధారం నాకు ఇంతవరకు కనబడలేదు.

నేను ఈ మాట మొదటి నుంచీ చెప్పలేదని ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన తొలి నాలుగైదేళ్లు, నేను పనిచేసిన ఆసుపత్రిలో అచ్చు వేసి ఉంచిన డైటు చీటీ మీద "తీపి, నూనె వంటలు పూర్తిగా నిషేధం" అన్న వాక్యం కింద ఎర్ర గీత గీసి మరీ ఇచ్చేదాన్ని. మొదటి నెల అందరూ వచ్చేవారు, బాగా తగ్గేవారు. ఉగాదికో, వరలక్ష్మీ వ్రతానికో, ఇంట్లో పెళ్లికో ఒకసారి తప్పేవారు, తప్పాక నా ముఖం చూడడానికి సిగ్గుపడి రావడం మానేసేవారు. వాళ్లకు పట్టుదల లేదని నేను అనుకునేదాన్ని. ఒకరోజు కూరగాయల మార్కెట్లో ఎదురైన ఒక పెద్దావిడ నన్ను చూసి చేతిలోని జిలేబీ పొట్లాన్ని కొంగు చాటుకు దాచుకున్నారు. అరవై ఏళ్లు దాటిన మనిషి, మనవల కోసం కొన్నారో తన కోసం కొన్నారో నాకు తెలియదు, చిన్నపిల్లలా దాచుకున్నారు. ఆ ఎర్ర గీత గీయడం ఆ వారంలోనే మానేశాను.

నిషేధం వద్దంటే లెక్క వద్దని అర్థం కాదు, కాబట్టి ఇప్పుడు మీ లెక్కలో నాకు కనబడిన అసలు సంగతికి వస్తాను. వేరే అలవాట్లు లేవని మీరు కొట్టిపారేసిన ఆ మూడు టీలను చూడండి. నిండు చెంచాకు ఐదు గ్రాముల చొప్పున రోజుకు 30 గ్రాముల చక్కెర, అంటే 120 కెలోరీలు. మామూలు పలచని బిస్కెట్లు ఆరింటికి దాదాపు 150. రెండూ కలిపి రోజుకు 270, వారానికి 1,890. వారానికి పది అరిసెలంత! నెల పొడుగునా వారానికి పది అరిసెలంత శక్తిని మీరు ఏ బాధా లేకుండా తీసుకుంటున్నారు, ఎందుకంటే బిస్కెట్‌ను ఎవరూ పాపమనుకోరు. అంతకంటే విచారించవలసింది ఏమిటంటే, దాన్ని ఎవరూ ఆనందంగా కూడా తినరు. నిన్న మధ్యాహ్నం టీతో తిన్న బిస్కెట్ రుచి ఎలా ఉందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, విడిగా కలుపుకునే చక్కెర, బెల్లం, తేనె వంటివాటి ద్వారా వచ్చే శక్తి రోజు మొత్తం శక్తిలో 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు ఉంటే మరీ మంచిది. మీరు ప్రస్తుతం రోజుకు 1,500 కెలోరీల దగ్గర తింటున్నారనుకుంటే, 10 శాతం అంటే 37 గ్రాములు. అందులో 30 గ్రాములు టీలోనే అయిపోయాయి. అరిసెకు చోటు లేకుండా చేసింది ఈ టీయే. టీకి రెండు చెంచాలను ఒకటికి, పది పదిహేను రోజుల తర్వాత అరకు తగ్గించండి. నాలుక అంతలోనే సర్దుకుంటుంది, నెల తర్వాత పాత టీ తాగితే పానకంలా ఉంటుంది. బిస్కెట్ల స్థానంలో ఏదైనా కావాలనిపిస్తే వేయించిన శనగలు గుప్పెడు తినండి, అనిపించకపోతే అదీ వద్దు. ఇలా మిగిలిన దాంట్లోంచి వారానికి 700 నుంచి 800 కెలోరీలు మీకు నిజంగా ఇష్టమైనవాటికి కేటాయించండి. నాలుగు అరిసెలు కావచ్చు, ఐదు పూతరేకులు కావచ్చు, రెండు అరిసెలతో పాటు ఒకరోజు పిల్లలతో కలిసి తిన్న ఐస్‌క్రీమ్ కావచ్చు. మిగిలిన వెయ్యి కెలోరీలు మీ లోటులోనే ఉండిపోతాయి, అంటే తీపి తింటూ కూడా మీరు మునుపటి కంటే కొంచెం వేగంగానే తగ్గుతారు.

కేటాయించిన దాన్ని ఎలా తినాలన్నది చిన్న విషయంలా కనబడుతుంది కానీ, సగం ఫలితం అక్కడే ఉంది. డబ్బా మూత తీసి నిలబడి తిన్నది ఎప్పటికీ లెక్కలోకి రాదు, తృప్తినీ ఇవ్వదు. ఒక అరిసె పళ్లెంలో పెట్టుకోండి, డబ్బా మూత పెట్టి దాని చోట దాన్ని పెట్టేసి వచ్చి కూర్చోండి. ఫోను పక్కన పెట్టండి. అరిసెను చేత్తో తుంచితే అంచు కరకరలాడుతూ విరుగుతుంది, మధ్య భాగం మెత్తగా సాగి వస్తుంది, వేగిన నువ్వుల వాసన బెల్లం కంటే ముందే తెలుస్తుంది, పాకం కాస్త ముదిరిన అరిసె అయితే చివర చిన్న చేదు కూడా తగులుతుంది. ఒకే రుచిని వరుసగా తింటూ పోతే దాని మీద ఇష్టం వేగంగా పడిపోతుందని, వేరే రుచుల మీద మాత్రం అంతగా పడిపోదని ఆహార శాస్త్రంలో 1980ల నుంచీ బాగా తెలిసిన సంగతి. మొదటి అరిసె ఇచ్చిన ఆనందాన్ని నాలుగోది ఇవ్వదు, ఏడోది అసలే ఇవ్వదు. పండగ పళ్లెంలో అరిసె, జంతిక, సున్నుండ, కజ్జికాయ పక్కపక్కన పెడితే మాత్రం తీపికి విసిగిన నాలుక కారానికి, కారానికి విసిగినది మళ్లీ తీపికి తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఒక పూటకు ఒకే రకం పెట్టుకోండి. ఆకలితో ఉన్నప్పుడు మాత్రం తీపి జోలికి వెళ్లకండి. పప్పు, కూర, పెరుగుతో భోజనం ముగించాక తిన్న అరిసె ఒకటి దగ్గర ఆగుతుంది, ఖాళీ కడుపుతో సాయంత్రం ఐదింటికి మొదలుపెట్టింది ఆగదు.

తిన్నందుకు శిక్షగా నడవడం కూడా మానండి. మీ బరువున్న మనిషికి ఒక అరిసె ఖర్చు కావాలంటే గంట సేపు మామూలు వేగంతో నడవాలి. ఆ లెక్కన నడక మొదలుపెట్టినవారు పది రోజుల్లో అరిసెనూ మానరు, నడకను మాత్రం అసహ్యించుకుంటారు. మీ నడక మీ గుండె కోసం, నిద్ర కోసం, కండరాల కోసం అలాగే సాగనివ్వండి.

బెల్లంతో చేసినవి ఎన్ని తిన్నా ఫరవాలేదన్న మాట మీరు రాయలేదు కానీ, ఈ సందర్భంలో ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు కాబట్టి ముందే జవాబిస్తాను. బెల్లంలో కొద్దిపాటి ఇనుము, ఇతర ఖనిజాలు ఉన్న మాట నిజమే. శక్తి విషయంలో మాత్రం చక్కెరకూ దానికీ ఉన్న తేడా పట్టించుకోదగ్గది కాదు. సున్నుండల్లో మినుముల మాంసకృత్తులు ఉంటాయి, అది మెచ్చుకోదగ్గదే, అయినా నెయ్యి దండిగా పోసి చుట్టిన ఒక్కో ఉండ 140 కెలోరీలకు తగ్గదు. షుగర్ ఫ్రీ అని రాసి అమ్మే మిఠాయిలో చక్కెర లేకపోయినా కోవా, నెయ్యి, జీడిపప్పు ఎక్కడికీ పోవు. ఈ "ఆరోగ్యకరమైన" తీపి పదార్థాలతో నాకున్న అసలు ఇబ్బంది ఏమిటంటే, మంచివే కదా అన్న ధీమాతో జనం వాటిని రెండింతలు తింటారు, తిన్నాక అరిసె తిన్న తృప్తి మాత్రం మిగలదు. తినాలనిపించింది అరిసె అయితే అరిసే తినండి, ఖర్జూరం ఉండతో మనసును మభ్యపెట్టకండి. కారపు వంటలకూ ఇదే లెక్క. సకినాలు, జంతికలు, చేగోడీలు తీపి కావు కాబట్టి వాటిని ఎవరూ లెక్కలో వేయరు, అయితే గ్రాము నూనెకు తొమ్మిది కెలోరీలు, గ్రాము చక్కెరకు నాలుగే. 100 గ్రాముల జంతికలు 500 కెలోరీలు దాటిపోతాయి.

అందరూ చెప్పే "వారానికి ఒక చీట్ డే" పద్ధతిని, అంటే వారంలో ఒకరోజు డైటు పక్కన పెట్టి ఇష్టమొచ్చినట్టు తినడాన్ని, నేను సిఫారసు చేయను. ఆరు రోజులు రోజుకు 330 చొప్పున కూడబెట్టిన 2,000 కెలోరీలను ఒక ఆదివారం మధ్యాహ్నపు బిర్యానీ, కూల్‌డ్రింకు, సాయంత్రపు బజ్జీలు, రాత్రి ఐస్‌క్రీమ్ సులువుగా ఊడ్చేస్తాయి. పైగా ఆ పేరే నాకు నచ్చదు, మోసం అన్న మాట దగ్గర మొదలైన భోజనం తప్పు చేసిన భావంతో కాక ఇంకెలా ముగుస్తుంది?

మీ అత్తగారి విషయం కెలోరీల కంటే కష్టమైనది. మన ఇళ్లలో కొసరి వడ్డించడం ప్రేమకు గుర్తు, కాదనడం ఆ ప్రేమను తోసిపుచ్చినట్టు. "నేను డైటులో ఉన్నాను అత్తయ్యగారూ" అన్న జవాబు ఆవిడ చెవికి "మీ వంట నాకు చెడు చేస్తుంది" అన్నట్టు వినబడుతుంది. దానికి బదులు, "ఇప్పుడు కడుపు నిండుగా ఉంది, తింటే రుచి తెలియదు, నా వాటా ఒకటి తీసి ఉంచండి, నాలుగింటికి టీతో తింటాను" అని చెప్పి చూడండి, చెప్పినట్టే నాలుగింటికి ఆవిడ ఎదురుగానే కూర్చుని తిని, పాకం బాగా కుదిరిందని చెప్పండి. నా దగ్గరకు వచ్చే చాలామంది కోడళ్లు ఈ పద్ధతి పనిచేసిందని చెప్పారు. ఒకరిద్దరు మాత్రం, వాటా తీసి ఉంచమంటే ఆవిడ నాలుగు తీసి ఉంచారని నవ్వుతూ ఫిర్యాదు చేశారు.

పెళ్లికి ముందు పస్తు ఉండి వెళ్లవద్దు. ముక్కనుమ నాడు ఏమైందో మీకు తెలుసు. బంతి భోజనమైతే ఆకులో తీపి మొదటే పడుతుంది, అది ఏమిటో చూసి, మీకు ఇష్టమైనదైతే ఉంచుకోండి, కాకపోతే వడ్డించేటప్పుడే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టండి. బఫే అయితే పళ్లెం పట్టుకోకుండా ముందొకసారి వరసంతా చూసి రండి. పెళ్లిళ్లలో ఇప్పుడు ఆరేడు రకాల తీపి పెడుతున్నారు, అందులో సగం ఏ మిఠాయి కొట్లో అయినా ఏడాది పొడుగునా దొరికేవే, వాటి కోసం మీ వాటా ఖర్చు చేయనక్కర్లేదు. వేడి వేడి బొబ్బట్టు కాల్చి పెడుతున్నారనుకోండి, అది వేరే సంగతి. నా మటుకు నాకు తాపేశ్వరం మడత కాజా కనబడితే లెక్క ఒక కాజా మేరకు ఎప్పుడూ తప్పుతుంది, దాని కోసం ఆ రోజు అన్నం ఒక ముద్ద తగ్గించుకోవడం తప్ప ఇంకేమీ చేయను. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు ఇచ్చే మిఠాయి పొట్లం గురించి కూడా ముందే అనుకుని ఉండండి. తిరుపతి ప్రసాదం వచ్చినప్పుడు మనమేం చేస్తాం? సుమారు 175 గ్రాములుండే ఒక్క లడ్డూను ఇంట్లోవాళ్లకే కాక పక్కింటివాళ్లకు కూడా చిదిపి పంచుతాం, ఎవరికీ పెద్ద నిమ్మకాయంత ముక్కకు మించి రాదు, తక్కువైందని ఎవరూ అనుకోరు. పెళ్లి పొట్లానికీ అదే మర్యాద చేయండి.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. మీకు షుగరు లేదన్నారు కాబట్టి పైన చెప్పిన లెక్క మీకు సరిపోతుంది. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి షుగరు మాత్రలు గానీ వాడేవారు తీపి తిన్నామన్న బాధతో భోజనం మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, వారు తమ డాక్టరుతో మాట్లాడకుండా ఇటువంటి మార్పులేవీ చేయకూడదు. రెండోది, అర్ధరాత్రి ఎవరూ చూడకుండా ఆపుకోలేనంతగా తినడం మీకు పండగ నాడే ఒకసారి జరిగితే దాన్ని వదిలేయండి. అదే వారానికి ఒకసారి చొప్పున నెలల తరబడి సాగుతున్నా, తిన్నాక వాంతి చేసుకోవాలని గానీ విరేచనాల మందు వేసుకోవాలని గానీ అనిపిస్తున్నా, అది మనోబలం తక్కువై వచ్చినది కాదు, చికిత్స ఉన్న జబ్బు. సైకియాట్రిస్టును కలవండి, కాటాను కొన్నాళ్లు అటక మీద పెట్టించండి.

మీ ఎత్తుకు 71.5 కిలోలు ఇంకా ఎక్కువే. భారతీయులకు వాడే కొలమానంలో బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచిక) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం, మీది 29కి దగ్గరగా ఉంది. అయితే మొదటి బరువులో 8 శాతం పైగా మీరు ఇప్పటికే తగ్గించుకున్నారు. 5 నుంచి 10 శాతం తగ్గినా రక్తపోటు, రక్తంలోని చక్కెర, కొవ్వులు మెరుగుపడతాయి కాబట్టి, ఇంతవరకు సాధించింది చిన్నదేమీ కాదు. మిగిలింది తగ్గడానికి ఇంకో ఏడాది పట్టినా పట్టవచ్చు, ఆ ఏడాదిలో ఇంకో సంక్రాంతి కూడా వస్తుంది.

ఇక డబ్బాలో ఉన్న ఆ 11 అరిసెల సంగతి. అటక మీద దాచకండి, చెత్తలో వేయకండి, ఈ రాత్రే తినేసి రేపటి నుంచి మొదలుపెడదామని అసలే అనుకోకండి. డబ్బా దించి ఏడింటిని ఇంట్లోవాళ్లకు, పనిమనిషి పిల్లలకు, మీ ఆఫీసులోనో పక్కింట్లోనో ఇష్టంగా తినేవారికి ఇచ్చేయండి. నాలుగు మీకోసం చిన్న డబ్బాలో పెట్టుకోండి. పాకం సరిగ్గా కుదిరిన అరిసె ఇంకో రెండు వారాలు చెడిపోదు, గట్టిపడుతుందంతే. తినే ముందు పెనం మీద సన్నని మంటపై అర నిమిషం అటూ ఇటూ వెచ్చబెడితే మళ్లీ మెత్తబడి నువ్వుల వాసన తిరిగి వస్తుంది. మొదటిది రేపు మధ్యాహ్నం భోజనం అయ్యాక తినండి, రెండోది ఎల్లుండి కాకుండా ఆ మర్నాడు.